ఇల్లరికపు కార్డు

ఫిర్యాదుదారుడు యానాం కాపురస్థుడు, రిటైరైన లెక్కల మాస్టారు. ప్రతివాది 2008లో నేను కొన్న ల్యాప్‌టాప్. అది చెడిపోయిందని కాదు నా మొర, చెడిపోవడం లేదని. స్క్రీను శుభ్రంగా ఉంది. కీబోర్డు మీద నా చేత్తో అంటించిన తెలుగు అక్షరాల్లో ఒక్క 'ఱ' తప్ప ఏదీ ఊడలేదు. దాన్ని పాతసామాన్లవాడికి వేస్తే కిలో ఉల్లిపాయలైనా ఇవ్వడు. అలాంటప్పుడు ఎలా పారేస్తాం?

గొడవకు మూలం మావాడు. సంక్రాంతికి వచ్చి, పోతూ పోతూ వీధిగదిలో కొత్త రౌటర్ బిగించి పోయాడు. దానికి రెండు దారులట. 2.4 గిగాహెర్ట్జ్ దారిలో వీధివీధంతా తొక్కుకుంటూ నడుస్తోంది. 5 గిగాహెర్ట్జ్ దారి ఖాళీ. మా ప్రతివాదికి ఆ ఖాళీ దారి కళ్ళకు ఆనదు. దాని కడుపులో ఉన్న వైర్‌లెస్ కార్డు 2003 నాటి 'జి' రకం. ప్రాణం పెట్టి పరుగెత్తినా సెకనుకు 54 మెగాబిట్లు, అదీ కాయితం మీద. "కొత్తది కొనుక్కో నాన్నా" అన్నాడు వాడు ఫోన్లో. కొత్త కార్డు కొంటానన్నాను నేను. శని అప్పుడే పట్టింది.

ల్యాప్‌టాప్ ఎడమపక్క ఒక అర ఉంది. ఇన్నేళ్ళుగా అందులో ప్లాస్టిక్ బిళ్ళ తప్ప ఎవరూ కాపరం పెట్టలేదు. లెక్కల మాస్టార్ని కదా, స్కేలు పెట్టి కొలిచాను. 54 మిల్లీమీటర్లు. కాకినాడ వెళ్ళి, పాత సరుకు అమ్మే కొట్లో సరిగ్గా 54 మిల్లీమీటర్ల కార్డు సంపాదించి, కోరంగి, తాళ్ళరేవుల మీదుగా బస్సులో ఒళ్ళో పెట్టుకుని తెచ్చాను. అది అరలోకి పోయినట్టే పోయి మొరాయించింది. నేను తెచ్చింది పీసీఎంసీఐఏ వంశమట, 1990లో పుట్టింది, దానికి 68 పిన్నులు. (ఆ పేరు నోరు తిరగక అమెరికావాళ్ళే దాన్ని 'కంప్యూటర్ల పొట్టిపేర్లు మనుషులకు గుర్తుండవు' అని విడగొట్టి నవ్వుకున్నారట.) నా అర 2003 తర్వాతి ఎక్స్‌ప్రెస్‌కార్డు. దానికి 26. కొలతలు కలిశాయి, జాతకాలు కలవలేదు.

ఇక ఆన్‌లైనే గతి. లోపల బిగించే వైర్‌లెస్ కార్డు ఒకటి, బయట తగిలించుకునే హార్డ్ డిస్కు కోసం ఎక్స్‌ప్రెస్‌కార్డు అరలో పట్టే యూఎస్‌బీ కార్డు ఒకటి. పిన్‌కోడ్ 533464 కొట్టగానే రాష్ట్రం ఆంధ్రప్రదేశ్ అని సైటు తనే నింపుకుంది. పుదుచ్చేరి అని నేను దిద్దితే పిన్‌కోడ్ తప్పంది. దాన్నని ఏం లాభం? మా ఊరే ఆంధ్రా అరలో దూర్చిన కార్డు. 1954లో ఫ్రెంచివాళ్ళు వదిలి వెళ్ళారు. ఒళ్ళు గౌతమి ఒడ్డున, డ్రైవరు 800 కిలోమీటర్ల అవతల పుదుచ్చేరిలో. బండి నంబరు పీవై 04, ఫోన్ కోడ్ కాకినాడది, ఓటు పుదుచ్చేరి అసెంబ్లీకి. అయినా ఇన్నేళ్ళుగా హాయిగా పనిచేస్తున్నాం. ఊరికి సాధ్యమైంది యంత్రానికి ఎందుకు కాదన్నదే నా పంతం.

కార్డులొచ్చాయి. రిపేరు కుర్రాడు వచ్చి అడుగు మూత విప్పి, ఆవగింజంత మూతులున్న నలుపు, తెలుపు యాంటెనా తీగల్ని గోటితో ఊడదీసి, కొత్త కార్డుకు నొక్కాడు. "ఆయ్, దిట్టంగా కూర్చుందండి మాస్టారూ" అని ఆన్ చేశాడు. నల్లటి తెర మీద ఒకే మాట: అనుమతి లేని వైర్‌లెస్ కార్డు తగిలింది, తీసెయ్యండి. తయారుచేసినవాళ్ళు ఏయే కార్డుల్ని లోపలికి రానివ్వాలో బయోస్‌లోనే జాబితా రాసి పెట్టారట. యానాం నుంచి బయటికి పోయే మందు సీసాల్ని ఎక్సైజువాళ్ళు వెతకడం చిన్నప్పట్నుంచీ చూస్తున్నాను. నా డబ్బుతో నా ఇంట్లోకి తెచ్చుకున్న చుట్టాన్ని గుమ్మంలో నిలబెట్టి అడిగేవాణ్ణి చూడడం ఇదే మొదలు.

యూఎస్‌బీ కార్డు మాత్రం గౌరవంగా అరలోకి వెళ్ళింది. దానిది 34 మిల్లీమీటర్ల వెడల్పు కాబట్టి ముట్టుకుంటే పన్నులా కదులుతుంది గానీ, వెళ్ళింది. కొత్తగా రెండు రంధ్రాలొచ్చాయి. హార్డ్ డిస్కు తగిలిస్తే టిక్కుటిక్కుమని ఆగిపోయింది. అర ఇచ్చేది 3.3 వోల్టులు, డిస్కు అడిగేది 5. అందుకని కార్డుతో పాటే ఒక తీగ ఇచ్చారు. దాని రెండో కొస ల్యాప్‌టాప్‌కున్న పాత యూఎస్‌బీ రంధ్రంలో పెట్టాలి. అంటే ఇల్లరికం వచ్చిన అల్లుడు అర గదిలో పడుకుని, భోజనానికి పక్క వాకిట్లోంచి చెయ్యి చాపుతున్నాడన్నమాట. రెండు సంపాదించడానికి ఉన్న మూడింట్లో ఒకటి ధారపోశాను.

వైర్‌లెస్‌కు చివరికి కుర్రాడే చింతగింజంత డాంగిల్ ఇచ్చాడు. అది రెండో రంధ్రం ఆక్రమించింది. మూడోది మౌస్‌ది. ప్రింటరు అల్లుడి పంచన చేరింది. కార్డు కదిలినప్పుడల్లా అది సగం కాయితం మింగి ఊరుకుంటోంది.

పోనీ, ఖాళీ దారి కనపడింది కదా అని సంతోషించానా, పెరటిగదిలో నా బల్ల దగ్గర కూర్చుంటే మళ్ళీ మాయం. "5 గిగాహెర్ట్జ్ గోడలు దాటలేదు నాన్నా, అందులోనూ తాతయ్య కట్టించిన గోడలు" అన్నాడు మావాడు. మా నాన్న కట్టించిన మూరెడు మందం సున్నపు గోడలు మరి. తుపానులకే లొంగలేదు.

కాబట్టి ఇప్పుడు వీధి అరుగు మీద కూర్చుంటున్నాను. ఒళ్ళో ల్యాప్‌టాప్, ఎడమపక్క వేలాడే డిస్కు, మొలతాడులా చుట్టుకున్న తీగ. కదిలితే అల్లుడు ఊడిపోతాడని కదలను. పొద్దున్న మా ఆవిడ జల్లెడతో వచ్చింది.

"ఎలాగూ లేచేది లేదు కదండీ, ఈ చిక్కుళ్ళు ఈనెలు తీసిపెట్టండి."

రెండు చేతులూ ఖాళీగా లేవని చూపించాను. జల్లెడ కీబోర్డు మీద పెట్టి వెళ్ళిపోయింది.