పెరిగితే నమోదు, తగ్గితే నియంత్రణ

డిసెంబరు ఆఖరి వారంలో మన రెండు తెలుగు రాష్ట్రాల దొంగలకూ ఒక్కసారిగా బుద్ధొస్తుంది. మంగళగిరిలోనో లక్డీకాపూల్‌లోనో డీజీపీ గారు, జిల్లాల్లో ఎస్పీలు, నగరాల్లో కమిషనర్లు వార్షిక నివేదిక పట్టుకుని మైకు ముందుకొస్తారు. వెనక తెర మీద బాణం గుర్తు కిందికి చూస్తుంటుంది. దొంగతనాలు ఇంత శాతం తగ్గాయి, దోపిడీలు అంత శాతం తగ్గాయి. తగ్గని పద్దు దగ్గరకొచ్చినా సారు గొంతు మాత్రం తగ్గదు. ప్రజల్లో చైతన్యం పెరిగిందట, ధైర్యంగా ఫిర్యాదు చేస్తున్నారట, తామూ ప్రతిదీ నమోదు చేస్తున్నారట. లెక్క పెరిగితే నమోదు గొప్ప, తగ్గితే నియంత్రణ గొప్ప. ఈ నాణేనికి రెండు వైపులా బొమ్మే!

పెరిగినప్పుడు చెప్పే మాటలో నిజం లేకపోలేదు. 1953 నుంచి ఏటా వస్తున్న జాతీయ నేర గణాంకాల పుస్తకం 'క్రైమ్ ఇన్ ఇండియా'యే ఆ హెచ్చరిక చేస్తుంది: నేరాలు పెరగడం వేరు, నమోదు పెరగడం వేరు. అందుకే జనాభాతో పోల్చి చూస్తే ఉత్తరప్రదేశ్, బీహార్‌ల కన్నా కేరళలోనే నేరాల రేటు ఎక్కువ కనిపిస్తుంది. కొబ్బరిచెట్టు కింద నిద్రపోయే మలయాళీ అంత ప్రమాదకారి అని ఎవరైనా నమ్ముతారా? 2022లో దేశమంతటా నమోదైన 65,893 సైబర్ కేసుల్లో తెలంగాణవే 15,297. దేశంలో మొదటి స్థానం. డబ్బు పోగొట్టుకున్నవాళ్లు ఇక్కడున్నారు, లాగేసినవాళ్లు ఎక్కడెక్కడో ఉన్నారు. ఫిర్యాదు తీసుకున్న పాపానికి చెడ్డపేరు మాత్రం ఇక్కడే మిగిలింది. సరే, ఎక్కువ కేసులు కడితే లెక్క పెరుగుతుందని ఒప్పుకుందాం. మరి తక్కువ కడితే తగ్గుతుందని కూడా ఒప్పుకోవాలి కదా. ఆ రెండో సగం మాత్రం డిసెంబరులో ఎవరి నోటా రాదు.

నేరాలు తగ్గించే పని చూడాలంటే రాత్రి గస్తీ వెంట తిరగక్కర్లేదు. ఏ స్టేషన్‌లోనైనా రైటర్ బల్ల పక్కన పావుగంట నిలబడితే చాలు. సిటీ బస్సులో ఫోన్ కొట్టేశారంటూ ఓ కుర్రాడు వస్తాడు. తెల్లకాగితం చేతికిస్తారు.

"కొట్టేశారని ఎందుకు రాస్తావ్ తమ్ముడూ, నువ్వు చూశావా? ఎక్కడో పడిపోయిందని రాయి. ముద్రేసిస్తా, సిమ్ము వచ్చేస్తుంది. కేసంటే మరి కోర్టు చుట్టూ తిరగాలి, నీ ఇష్టం."

కుర్రాడికి కావలసింది సిమ్మే. రాసేస్తాడు. ఊళ్లో దొంగతనం ఒకటి తగ్గింది. కుర్రాడి అజాగ్రత్త ఒకటి పెరిగింది గానీ దానికి పద్దు లేదు.

వాడి వెనకే మెడ మీద గోళ్ల గీతలతో ఓ పెద్దావిడ. "ఎన్ని తులాలమ్మా?" "నాలుగు, బాబూ." "బిల్లుందా?" నలభై ఏళ్ల కిందట పుట్టింటివాళ్లు పెట్టిన తాడుకు బిల్లేమిటి? "అయితే రెండని రాద్దాంలే, రేపు దొరికితే గొడవుండదు." పోయిన సొత్తు అక్కడికక్కడే సగమైంది. రేపు దొంగ దొరికి వాడి దగ్గర రెండు తులాలు బయటపడితే రికవరీ నూటికి నూరు శాతం. మిగతా రెండు తులాలూ ప్రభుత్వం లెక్కలో ఆవిడ మెడలో ఏనాడూ లేవు.

ఆ కుర్రాడి ఫోన్ సంగతి ఇంకా ఉంది. కేంద్ర టెలికాం శాఖ పెట్టిన సీఈఐఆర్ పోర్టల్ పుణ్యమా అని పోయిన ఫోన్లు వేలల్లో దొరుకుతున్నాయి. మంచి పనే, కాదనను. షామియానా వేసి, బల్లల మీద ఫోన్లు పేకముక్కల్లా పేర్చి, మొబైల్ రికవరీ మేళా పెట్టి, సొంతదారులతో ఫొటోలు దిగుతారు. ఎక్కడో పడిపోయిన ఫోన్లు తమంతట తామే లేచి, సిమ్ము మార్చుకుని, పొరుగు రాష్ట్రం బస్సెక్కి, అక్కడ ఇంకొకరి జేబులో కాపురం పెట్టాయన్నమాట. అన్ని ఫోన్లున్న ఆ ఫొటోలో దొంగ మాత్రం ఉండడు. దొంగతనమే జరగనప్పుడు వాడెందుకుంటాడు?

చట్టం లేక కాదు. కేసు కట్టదగ్గ (కాగ్నిజబుల్) నేరం జరిగిందని సమాచారం అందితే ఎఫ్ఐఆర్ కట్టి తీరాలని లలితా కుమారి కేసులో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం 2013లోనే చెప్పింది. 2024 జులై 1 నుంచి జీరో ఎఫ్ఐఆర్ కూడా కొత్త నేర ప్రక్రియా చట్టంలోకి ఎక్కింది. 'మా పరిధి కాదు' అని తిప్పి పంపడానికి లేదు. అయితే అదే చట్టంలో, మూడేళ్ల నుంచి ఏడేళ్ల లోపు శిక్షపడే నేరాలకు డీఎస్పీ అనుమతితో 14 రోజుల ప్రాథమిక విచారణ అని ఓ వెసులుబాటు ఉంది. పద్నాలుగు రోజుల్లో ఎన్ని రాజీలు కుదరవు!

రైటర్ని తిట్టి లాభం లేదు. నేర సమీక్షలో కేసులన్నీ నిజాయితీగా కట్టిన ఎస్సైని లేపి నిలబెట్టి, "నీ ఏరియాలో ఏం జరుగుతోందయ్యా?" అని కడిగేస్తారు. కట్టని ఎస్సై కూర్చునే ఉంటాడు, అతనికి ప్రశంసాపత్రం. అంకె పెరిగిందా, అసెంబ్లీలో ప్రతిపక్షం 'శాంతిభద్రతలు మంటగలిశాయి' అని బల్లలు చరుస్తుంది. అదే పార్టీ అధికారంలోకి రాగానే బాణం గుర్తు కిందికి చూడాలని కోరుకుంటుంది. అన్ని జెండాలదీ ఇదే పాట.

స్టేషన్‌ని కాకుండా ఇళ్లలో జనాన్నే అడిగే పద్ధతి ఒకటుంది. అమెరికా 1973 నుంచి, ఇంగ్లండ్ 1982 నుంచి ఇంటింటికీ వెళ్లి 'గడిచిన నెలల్లో మీకేం జరిగింది, పోలీసులకు చెప్పారా?' అని అడుగుతున్నాయి. మనకు దేశవ్యాప్తంగా ఏటా అలాంటి సర్వే లేదు. ఆరోగ్యం గురించి అడగడానికి వెళ్లిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేకే 2019-21లో ఆ సంగతి కొంత తగిలింది: హింసకు గురైన మహిళల్లో ఎవరినైనా సాయం అడిగినవాళ్లు 14 శాతమే. అడిగింది కూడా ఎక్కువగా పుట్టింటివాళ్లనే, పోలీసుల్ని కాదు. మిగతా 86 శాతం మంది ఏ బాణం గుర్తులోనూ లేరు.

ఇంతకీ ఆ 'క్రైమ్ ఇన్ ఇండియా' పుస్తకం కోసం ఎదురుచూడకండి, 2023 లెక్కలు బయటికొచ్చింది 2025 సెప్టెంబరు ఆఖర్లో. ఈలోగా బాధితులకు నాదొక ఉచిత సలహా. మీ ఇంట్లో దొంగలు పడేట్టయితే నవంబరు, డిసెంబరుల్లో పడకుండా చూసుకోండి, అప్పటికి నివేదిక బిగుసుకుపోయి ఉంటుంది. జనవరి రెండో తారీఖున వెళ్లండి. కొత్త రిజిస్టరు, ఖాళీ పేజీ, పోలికకు ఇంకా పన్నెండు నెలల టైముంది. బిల్లు మాత్రం పట్టుకెళ్లండి.