గెలిచింది దిమ్మె

రెండు తెలుగు రాష్ట్రాల మధ్య నీళ్ల పంచాయితీ తేలలేదు గానీ ఎత్తుల పంచాయితీ తేలిపోయింది. 2023 ఏప్రిల్ 14న హైదరాబాద్‌లో, హుస్సేన్‌సాగర్ దగ్గర 125 అడుగుల అంబేద్కర్ వెలిశారు. ఏడాది తిరక్కుండానే, 2024 జనవరి 19న విజయవాడ స్వరాజ్ మైదానంలో ఇంకో అంబేద్కర్. ఆయనా 125 అడుగులే. అయినా బెజవాడ వాళ్లు మాదే పెద్దదన్నారు. ఎలాగంటారా? హైదరాబాద్ దిమ్మె 50 అడుగులు, విజయవాడ దిమ్మె 81. మొత్తం మీద 175కి 206. అంబేద్కర్ ఒక్క అంగుళం పెరగలేదు, కాళ్ల కింద కట్టడం 31 అడుగులు పెరిగింది. పోటీలో నెగ్గింది దిమ్మె, దండ పడింది ముఖ్యమంత్రికి.

హైదరాబాద్ విగ్రహానికి రూపమిచ్చింది రామ్ సుతార్, ఆయన కొడుకు అనిల్. వాళ్ల పోత కార్ఖానా ఢిల్లీని ఆనుకున్న ఘాజియాబాద్‌లో, సాహిబాబాద్ వైపు. ముంబై ఇందూ మిల్లులో పెట్టబోయే అంబేద్కర్‌కు 25 అడుగుల నమూనా తయారైంది కూడా ఘాజియాబాద్‌లోనే. మంత్రులు పనిగట్టుకుని వెళ్లి చూసొచ్చారు. పోత పోసేచోట ఎంతటి మహనీయుడికైనా పీఠం ఉండదు. తల ఓ మూల, చూపుడువేలు ఓ మూల. పనివాడు నాయకుడి భుజమెక్కి కూర్చుని, చెవి దగ్గర అతుకు కనపడకుండా మర పెట్టి అరగదీస్తాడు. అపచారమని ఎవడూ కేసు పెట్టడు. లారీ ఎక్కి ఊరు దాటాకే ఆయన దేవుడవుతాడు.

అసలు అంబేద్కర్ ఏమన్నాడో దిమ్మె మీద చెక్కించే ధైర్యం ఎవరికుంది? 1949 నవంబర్ 25న రాజ్యాంగ సభలో లేచి, రాజకీయాల్లో భక్తి పతనానికీ చివరికి నియంతృత్వానికీ దారి తీస్తుందని హెచ్చరించాడు. మనం శ్రద్ధగా విన్నాం. విని, ఆయనకే లిఫ్టు పెట్టి మరీ భక్తి కట్టాం.

ముంబై కథ ఇంకా ముచ్చట. 2015 అక్టోబర్ 11న ప్రధాని శంకుస్థాపన చేశారు. 250 అడుగుల విగ్రహం, 100 అడుగుల దిమ్మె అనుకున్నారు. 2020లో కొత్త ప్రభుత్వం విగ్రహాన్ని 350కి పెంచింది. పునాది రాయి పడి నాలుగేళ్లు దాటినా విగ్రహం లేవలేదు గానీ, కాగితం మీద మాత్రం చక్కగా ఎదిగింది.

మరి దిమ్మె మీద ఇంత మమకారం దేనికి? విగ్రహం మీద పేరు రాసుకోవడం కుదరదు, దిమ్మె దగ్గరైతే కుదురుతుంది. విజయవాడలో 2024 ఆగస్టు 8 రాత్రి ఏం జరిగింది? అప్పటికి ప్రభుత్వం మారింది. ఎవరో వచ్చి, విగ్రహం పెట్టించిన మాజీ ముఖ్యమంత్రి జగన్ పేరున్న అక్షరాలు ఊడదీసి పోయారు. అంబేద్కర్ ఉన్నచోటే ఉన్నారు. గొడవ ఆయనతో కాదుగా!

అందుకని రాబోయే ముఖ్యమంత్రులకు ఒక విన్నపం. ఈసారి విగ్రహం ఖర్చు దండగ. 207 అడుగుల దిమ్మె ఒక్కటి కట్టించండి, రికార్డు మీదే. నాలుగు వైపులా శిలాఫలకాలు పెట్టించుకోండి. పేరు అక్షరాలు మాత్రం సిమెంటుతో అతికించకుండా మరలతో బిగించమనండి, అయిదేళ్లకోసారి మేస్త్రీ కూలైనా మిగులుతుంది.