తలుపెక్కిన చార్టు

ఒకప్పుడు కోల్‌కతా దగ్గరి సంత్రాగాఛిలో రైలెక్కితే, పెట్టెకు అంటించిన రిజర్వేషన్ చార్టులో మన పేరు, వయసు ప్లాట్‌ఫారమంతా చదివేది. ఆ చార్టులు పోయాయనుకుంటే, 2020లో చాలా ఊళ్లలో కరోనా పోస్టరు రోగి ఇంటి తలుపెక్కింది. గోప్యత ప్రాథమిక హక్కని 2017లో పుట్టస్వామి కేసులో సుప్రీంకోర్టు జడ్జీలు తొమ్మిదిమంది చెప్పారు. ఆ మాట వినడానికి, ప్లేగు కాలంలో పుట్టిన 1897 నాటి అంటువ్యాధుల చట్టానికి చెవుడు కాబోలు! ఆ ఏడాదే, రైలెక్కాలంటే ఫోన్‌లో ఆరోగ్య సేతు యాప్ ఉండాల్సిందే అన్నారు. సంత్రాగాఛి స్టేషన్ దగ్గరి చెరువుకొచ్చే వలస పక్షులకు మాత్రం యాపూ లేదు, చేతిమీద క్వారంటైన్ ముద్రా లేదు. చివరికి 2020 డిసెంబరు 9న సుప్రీంకోర్టు, విపత్తు నిర్వహణ చట్టం కింద ఆదేశం ఉంటే తప్ప పోస్టరు అంటించొద్దంది. జిగురు గీక్కోవడం మాత్రం ఇంటివాళ్ల వంతే!