పట్టుచీర పద్యానికి టీకా తాత్పర్యం

మూలం

కట్టి విప్పినంత గాలికారగనిమ్ము
పాత పంచె జుట్టి భద్రపఱచు
మడత మార్చవమ్మ మాసముల్ మూడైన
అమ్మ నడుగకుండ నరువు వలదు

అవతారిక: ధర్మవరం పట్టుచీరను కూతురి పెట్టెలో పెడుతూ ఒక తల్లి చేసిన ఉపదేశమిది. వీధిలో ఆటోవాడు హారను కొడుతున్నందున నాలుగు పాదాలతో ముగిసింది.

టీక: కట్టి విప్పినంత = పెళ్లి భోజనం చేసి వచ్చి, పైట పిన్నులు తీసి, చీర విప్పిన వెంటనే; గాలికి = నీడపట్టున ఫ్యాను గాలికి; ఆరగనిమ్ము = చెమట పోయేదాకా వదిలిపెట్టుము; పాత పంచె = ఉతికి ఉతికి మెత్తబడిన నాన్నగారి నూలు పంచెలో; చుట్టి, భద్రపఱచు = బీరువాలో పెట్టుము; మాసముల్ మూడైన = మూడు నెలలు గడవగా; మడత మార్చవమ్మ = పాత గీతను తప్పించి వేరేచోట మడువుము; అమ్మన్ అడుగకుండన్ = నాకు ఫోను చేయకుండా; అరువు = ఆడపడుచుకో, తోడికోడలికో ‘ఒక్క పూటకే’ అని ఇచ్చుట; వలదు = కూడదు.

తాత్పర్యం: మొదటి మూడు పాదాలు పట్టును గురించి, నాలుగోది మనుషులను గురించి.

విశేషాలు: అసలు జరీ అంటే పట్టుదారానికి వెండితీగ చుట్టి పైన బంగారు పూత పూసినది. చెమట, సెంటు తగిలితే నల్లబడుతుంది. ఎండ రంగును తినేస్తుంది. అందుకే గాలి.

‘జిప్పు కవరు ఉండగా పంచె ఎందుకు?’ అని ఒక నవీన వ్యాఖ్యాత. ఆయన ఆ ఇంటి అల్లుడు; బీరువాలో ఒక అర కూడా లేనివాడు గనుక ఆయన మాట ప్రమాణం కాదు. ప్లాస్టిక్కు చెమ్మను లోపలే బంధిస్తుంది, నూలు గాలాడనిస్తుంది. కొత్త పంచెలో గంజి ఉంటుంది, గంజికి పురుగు చేరుతుంది. ‘పాత’ అన్న విశేషణం సార్థకం. కలరా ఉండలు వేయక తప్పకపోతే జరీకి తగలకుండా మూటగట్టి వేయాలి.

ఒకే గీత మీద ఏళ్లతరబడి మడిచి ఉంచితే ఆ గీత వెంటే చీర చిట్లుతుంది. జరీ బరువంతా మోసే అంచు, కొంగు ముందు పోతాయి.

శంక: ఒడలంతా నూలైన గద్వాల చీరకు ఈ పద్యం వర్తిస్తుందా? సమాధానం: మొదటి మూడు పాదాలు దాని పట్టు అంచుకూ కొంగుకూ వర్తిస్తాయి. నాలుగో పాదం చీర మొత్తానికీ.

శంక: చీర పట్టుదో కాదో తెలిసేదెట్లా? సమాధానం: ఒక పోగు తీసి కాల్చితే వెంట్రుక కాలిన వాసన రావాలి, బూడిద వేళ్ల మధ్య పొడి కావాలి. కొట్లో అగ్గిపుల్ల గీస్తే ఊరుకోరు గనుక కేంద్ర పట్టు మండలి 2004లో ‘సిల్క్ మార్క్’ తెచ్చింది.

శంక: ఇచ్చేసిన చీర మీద తల్లికింకా పెత్తనమేమిటి? సమాధానం: పురుగు కొట్టిన చీరకు డార్నింగ్ ఉంది. అరువుకు పోయి పులుసు మరకతో తిరిగొచ్చిన చీరకు మాత్రం, ‘మా వదినే కదా’ అని నోరు మూసుకోవడం తప్ప మందు లేదు. అడగగానే కాదనడానికి కూతురికి మొహమాటం. ‘అమ్మనడగాలి’ అనడానికి ఆ మొహమాటం లేదు. ఆ మాటను తల్లి ముందుగానే చేతికిచ్చింది.

ఫలశ్రుతి: ఈ పద్యం పాటించినవారి చీర మనవరాలికి పరికిణీ అవుతుంది. పాటించనివారి చీర, ‘పాత పట్టుచీరలు కొంటాం’ అని వీధిలో కేక వేసేవాడి సంచిలో పడి, కాలి, వెండిగా తూకానికి పోతుంది.