నా పాదం కింద లైక్రా

నేను కాలితో తొక్కే నల్ల కుట్టుమిషన్‌ని. ఈ ఇంటి ఇల్లాలికి పుట్టింటివాళ్లు పెట్టిన సారెతో వచ్చాను. రవికలు, లంగాలు, తలగడ గలీబులు కుట్టుకుంటూ హాయిగా ఉన్నదాన్ని. 2018 ఫిబ్రవరిలో మెల్‌బోర్న్ జిమ్నాస్టిక్స్ ప్రపంచకప్‌లో మన హైదరాబాదు అమ్మాయి బుద్దా అరుణారెడ్డి వాల్ట్‌లో కాంస్యం గెలిచింది. టీవీలో అది చూసిన ఈ ఇంటి చిన్నది మంచం మీంచి పల్టీలు మొదలెట్టింది. నాకు చాకిరీ పెరిగింది.

ఇంటాయన జీతం అద్దెకూ బియ్యానికీ సరి. మిగతాదంతా నా సూది మీదే. పిల్లకి జిమ్నాస్టిక్స్ నేర్పించే నెల ఫీజు ఎలాగో కట్టేయొచ్చు, దాని వెనకాల వచ్చేవే అసలు ఖర్చులు: రోజూ బస్సు, పాలు, గుడ్లు, పోటీలకు ఊరు దాటితే పిల్లతోపాటు తోడుకూ టికెట్టు. మా ఇల్లాలు దేన్నీ రూపాయల్లో లెక్కపెట్టదు. "ఎన్ని లైనింగ్ బ్లౌజులవుతాయి?" అంటుంది. పెళ్లిళ్ల సీజన్లో ఫర్వాలేదు. ఆషాఢం వచ్చిందంటే గుడ్డు పిల్లకొక్కదానికే.

పోటీల్లో ఒంటికి అతుక్కునేలా వేసుకునే లియోటార్డ్ కొనే స్తోమత లేక నా మీదే కుట్టింది. దానికి వాడే సాగే గుడ్డ, ఆ లైక్రా ఉంది చూశారూ, పాదం కింద నిలవదు. మామూలు సూదికి కుట్లు తప్పిపోతాయి. మొన గుండ్రంగా ఉండే సూది తెచ్చి వేసింది. నాకు జిగ్‌జాగ్ రాదు కాబట్టి గుడ్డను ముందూ వెనకా కొంచెం సాగదీసి పట్టుకుని కుట్టింది. లేకపోతే పిల్ల కాళ్లు చాపగానే దారం పటుక్కుమంటుంది. పైగా కాళ్ల దగ్గర కోత తుంటి ఎముక దాటకూడదట. అంతర్జాతీయ పోటీల్లో దుస్తులు నిబంధన తప్పితే మార్కులు కోసేస్తారట.

గ్రిప్పులు మాత్రం నా వల్ల కాలేదు. బార్ల మీద అరచేతుల్ని కాపాడే తోలు పట్టీలవి. వేళ్ల దగ్గర చిన్న పుల్ల ఉంటుంది. తోలు సాగిపోతే పట్టీ బారుకి బిగుసుకుపోయి మణికట్టు విరగొచ్చు.

"పాతవాటికే ఒక కుట్టేసి ఇస్తా సార్."

"వద్దమ్మా, వీటి దగ్గర పొదుపు చెయ్యకండి" అన్నారు కోచ్.

ఆ నెల నాకు రావాల్సిన కొత్త బెల్టు గ్రిప్పుల కింద పోయింది.

ఈమధ్య స్టేడియం మెట్ల మీద కూర్చునే తల్లులు మా కుట్టు చూసి లైక్రా ముక్కలు పట్టుకొస్తున్నారు. బ్లౌజు కంటే దీనికి ఎక్కువ కూలి తీసుకోవాలి, శ్రమ అలాంటిది. ఈమె సగమే అడుగుతుంది. "వాళ్లూ మనలాంటోళ్లే కదా" అంటుంది. ఇలాగైతే నా బెల్టు ఈ ఏడాదీ మారదు.