కుప్ప మీది అరణ్యము

అడవి యనగా చెట్ల మొత్తమనియు, చెట్టనగా లెక్కపుస్తకములో నొక అంకె యనియు తేల్చిన మహానుభావు డెవరో గాని, ఆయన శిష్యప్రశిష్యులు గోదావరిఖని ప్రాంతమున సుఖముగా వర్ధిల్లుచున్నారు. ఓపెన్ కాస్టు బొగ్గుగని కొరకు అడవి కొట్టి, పైమట్టి యెత్తి, రాయి పేల్చి, ఆ శిథిలమంతయు ఊరి ప్రక్కన కుప్పవోసి, వానకాలమున దానిపై మొక్కలు నాటి ఫొటో తీయించుకొనినచో పోయిన అడవి తిరిగివచ్చినట్లే యని వారి సిద్ధాంతము. ఆ ప్రాంతపు రామగిరి గుట్టను మూలికలతో నింపుటకు ప్రకృతికి ఎన్ని యుగములు పట్టినదో! మనవా రా పనిని ఒక్క పూటలో, భోజనవేళకు ముందే, ముగింతురు.

ఈ వేదాంతమునకు భాష్యకర్తలు ఢిల్లీలో నున్నారు. 1980 నాటి అటవీ సంరక్షణ చట్టము క్రింద, అడవిని పుచ్చుకొన్నవాడు బదులు వనము పెంపకమునకు సొమ్ము కట్టవలెను. 2008లో సుప్రీంకోర్టు తరగతులనుబట్టి హెక్టారు అడవికి 4.38 లక్షలు మొదలు 10.43 లక్షల రూపాయల వరకు వెల నిర్ణయించినది. వచ్చిన ధనమును భద్రపరచుటకు 2016లో వేరొక చట్టమే పుట్టినది. హెక్టారు నేలపై నూటికి పదివంతులు కొమ్మల నీడ యున్నచో, అది మామిడితోటయైనను నీలగిరితోటయైనను, సర్కారు సర్వేలో అటవీ విస్తీర్ణమే. ఆ గనులు త్రవ్వు సింగరేణి సంస్థలో రాష్ట్రమునకు 51, కేంద్రమునకు 49 వంతుల వాటా గలదు. కావున అడవి నడుగువారును, ఇచ్చువారును, బదులు వనమును మెచ్చుకొనువారును ఒక్క కుటుంబమువారే. ఇంతటి ఐకమత్యము మన దేశమున అరుదు.

ఆ సర్వేకు ఉపగ్రహము పైనుండి చూచును. తునికాకు కోయు స్త్రీ క్రిందినుండి చూచును. ముందుగా కొమ్మ కొట్టిన పొదలకు ఎండకాలమున లేత చిగురు రాగా, ఆకు కోసి, యాబదేసి పేర్చి, కట్టగట్టి, కల్లమునకు మోసి అమ్మిన డబ్బే ఆమెకు వానకాలపు ఆసరా. కుప్పపై సుబాబులో నీలగిరియో పెరిగిన పెరుగుగాక, ఆ యాకుతో బీడీ చుట్టు ఉపాయ మింకను కనిపెట్టవలసియున్నది.

మొక్కలు నాటుట తప్పనుట లేదు. బోడికుప్పల దుమ్ము అన్నపుకంచములలో పడుటకంటె అవి పచ్చగా నుండుట మేలే. దుమ్ముపై కప్పిన ఆ కంబళికి అడవి యని పేరుపెట్టి, ఆ పేరు చూపి మరియొక అడవి నడుగుటయే నాకు మింగుడుపడనిది.

సంస్థవారికి ఒక్క మనవి. ఈ ఏటి మొక్కల సంఖ్య ప్రకటించుటకు ముందు, పదేండ్ల క్రిందట నాటినవానిలో ఏ జాతివి ఎన్ని బ్రతికియున్నవో, అడవి కోల్పోయిన ఊళ్ల గ్రామసభలలో చదివి వినిపింపుడు.