పులుపుకి కరిగే కొవ్వు

పెరటి చెట్టు వైద్యానికి పనికిరాదని మనవాళ్లు ఊరికే అనలేదు. పనికిరావాలంటే అది ముందు అమెరికా వెళ్లాలి. అక్కడ లాటిన్ పేరు తగిలించుకోవాలి, పొడై క్యాప్సూల్లో దూరాలి, సెలవులకొచ్చే బంధువుల సూట్‌కేసెక్కి తిరిగి రావాలి. కుడంపులి ఈ యాత్రంతా పూర్తిచేసుకుని వచ్చింది. వెళ్లేటప్పుడు చేపల కూరలో పులుపు. వచ్చేటప్పుడు ‘గార్సీనియా కంబోజియా’, కొవ్వు కరిగించే దివ్యౌషధం!

చెట్టు మనకి మరీ దూరపుదేం కాదు. పడమటి కనుమల్లో, వాన తెరిపివ్వని పచ్చటి అడవుల్లో పెరుగుతుంది. కేరళలో కుడంపులి అంటారు, ఉత్తర కన్నడ జిల్లాలో ఉప్పగె. కాయది చిన్న గుమ్మడికాయ ఆకారం, పండితే పసుపు. పండేది సరిగ్గా వానల్లో కాబట్టి ఎండని నమ్ముకుంటే లాభం లేదు. తొక్కని చీల్చి, కట్టెల మంట మీద పొగబెట్టి ఆరబెడతారు. నల్లగా అయిపోతుంది. కొట్టాయం వైపు మట్టిచట్టిలో ఉడికే ఎర్రటి చేపల కూరలో ఈ రెబ్బలు నాలుగు నానబెట్టి వేస్తే, పులుపుతో పాటు ఆ పొగవాసన కూడా ముక్కకి పడుతుంది. వండిన పూట కన్నా మర్నాడు ఇంకా బాగుంటుంది. (మన పులుసూ అంతే, ఆ విషయంలో రాష్ట్రాల మధ్య తగాదా లేదు.) ఈ కూర కలుపుకున్నవాడు మారు అన్నం పెట్టించుకుంటాడు గానీ కంచం తోసేసి లేవడు. ఆకలిని చంపుతుందని సీసా మీద రాసినవాడు ఈ కూర తిన్న పాపాన పోలేదని నా అనుమానం.

ఇంతకీ తరతరాలుగా తింటున్న కేరళ సన్నగా ఉందా? 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం అక్కడి మహిళల్లో 38.1 శాతం మందిది అధిక బరువో, ఊబకాయమో. దేశం మొత్తం మీద 24 శాతం. ఈ లెక్కన బక్కపలచని వాళ్లకి ఒళ్లు చేసే మందుగా కూడా అమ్ముకోవచ్చు. ఆ ఆలోచన ఇంకా ఎవరికీ రానట్టుంది.

కథ మొదలైంది మైసూరులో. కేంద్ర ఆహార సాంకేతిక పరిశోధన సంస్థలో లూయిస్, నీలకంఠన్ అనే ఇద్దరు 1965లో ఈ తొక్కలోని అసలు పులుపు హైడ్రాక్సీసిట్రిక్ ఆమ్లమని తేల్చారు. పాపం, వాళ్లకి కావలసింది పులుపు గుట్టు మాత్రమే. తర్వాత అమెరికాలో, పిండిపదార్థాన్ని కొవ్వుగా మార్చే ఎంజైముకి ఈ ఆమ్లం అడ్డుపడుతుందని కనిపెట్టారు. ఎలుకల్లో బాగానే పనిచేసింది. మనిషికి పేరుకునే కొవ్వులో ఎక్కువ వాటా తిన్న నూనె, నెయ్యిల నుంచి నేరుగా వచ్చేదే అన్న సంగతి మాత్రం వ్యాపారానికి అక్కర్లేకపోయింది.

1998లో ‘జామా’ వైద్య పత్రికలో ఒక ప్రయోగం వచ్చింది. 135 మంది, 12 వారాలు, అందరికీ ఒకే పథ్యం. కొందరికి రోజుకి 1500 మిల్లీగ్రాముల ఈ ఆమ్లం, మిగతావాళ్లకి ఉత్తుత్తి మాత్ర. అసలుది మింగినవాళ్లు సగటున 3.2 కిలోలు తగ్గారు. ఉత్తుత్తిది మింగినవాళ్లు 4.1! గణాంకాల ప్రకారం ఇది తేడా కిందికి రాదని పరిశోధకులు మర్యాదగా చెప్పారు. నేనైతే ఆ ఉత్తుత్తి మాత్రనే సీసాలో పోసి అమ్మేవాణ్ణి. 2011లో తొమ్మిది ప్రయోగాల్ని కలిపి లెక్కేస్తే మందు వల్ల అదనంగా తగ్గింది 0.88 కిలో. గట్టిగా చేసిన ప్రయోగాల్ని మాత్రమే తీసుకుంటే అదీ నిలవలేదు. పండక్కొచ్చిన కొత్తల్లుడు ఆ 0.88ని భోగినాటి సాయంత్రానికే తిరిగి సంపాదించేస్తాడు.

ఇదంతా అచ్చులో ఉండగానే, అమెరికా టీవీ డాక్టరు మెహ్మెట్ ఓజ్ తన షోలో దీన్ని ఆకాశానికెత్తాడు. 2014లో సెనేట్ కమిటీ పిలిపించి, ఆయన మాటలే ఆయనకి చదివి వినిపించి నిలదీసింది. ప్రేక్షకులకి హుషారు ఎక్కించడం తన పని అన్న ధోరణిలో జవాబిచ్చాడు. 2025లో ఆయనకి పడిన శిక్ష: అమెరికా ప్రభుత్వ ఆరోగ్య బీమా పథకాలు నడిపే సంస్థకి అధిపతి కావడం.

సీసా ఒకసారి వెనక్కి తిప్పండి. ముందు వైపు నడుముకి టేపు చుట్టుకున్న అమ్మాయి ఉంటుంది, ఆవిణ్ణి వదిలేయండి. వెనక చీమ తలకాయంత అక్షరాల్లో ఉంటుంది: మితాహారం, వ్యాయామంతో పాటు వాడవలెను, ఫలితాలు వ్యక్తిని బట్టి మారును. మితంగా తిని రోజూ నడిచేవాడికి ఈ సీసాతో పనేమిటో రాయరు. ఫలితాలు మారడం మాత్రం నిజమే. ఒంటరిగానో, గ్రీన్ టీ లాంటి వాటితో కలిపో ఇది వాడి కాలేయం దెబ్బతిన్న 22 మంది వివరాల్ని అమెరికా పరిశోధకులు 2022లో ప్రచురించారు.

ఇక ఆ చెట్టు సంగతి. విదేశీ గిరాకీతో ధర లేచేసరికి ఉత్తర కన్నడ అడవుల్లో ఉప్పగె ఏరేవాళ్ల మధ్య పోటీ పెరిగింది. అడవి చెట్టుకి సొంతదారంటూ ఉండడు. పండేదాకా ఆగితే పక్కవాడు దులుపుకుపోతాడు. అందుకని పచ్చికాయలే కోశారు. చెయ్యందని చోట కొమ్మలే నరికారు. తొక్క ఆరబెట్టే మంటకి కట్టెలూ ఆ అడవివే. నాలుగు రెబ్బలతో సరిపెట్టుకునే చేపల కూర వల్ల ఆ చెట్టుకి ఇంత ముప్పు రాలేదు.